జగ్గయ్యపేట స్తూపము - నేటి బాటసారి

విజయవాడ నుండి హైదరాబాదు పోవు బస్సు ఇబ్రహీంపట్నము దాటిన పిమ్మట కొండలను వెనుకకు విడిచి, కంచికచర్ల, నందిగామల మీదుగా పడమరకు సాగిపోవును. రెడ్డిగూడెము, మైలవరము వైపు వారు కొండపల్లి మీదుగా దిగివచ్చి ఇబ్రహీంపట్నము వద్దనే ఈ బాటను కలిసికొందురు. కీసర దగ్గర మునేరును, గరికపాడు దగ్గర పాలేరును దాటినచో తెలంగాణము వచ్చును. ఈ నడుమ ప్రయాణికుడు చేయు పని సాధారణముగా నిద్రపోవుటయే. మెలకువగా ఉన్నవాడు టీ కొరకు బస్సు ఎక్కడ ఆగునా యని చూచుచుండును.

కాని ఈ బాటకు కుడియెడమల నున్న పల్లెల పేర్లు పురావస్తు శాస్త్ర గ్రంథములలో చాల కాలమునుండి కనిపించుచున్నవి. గుమ్మడిదుర్రు, అల్లూరు, రామిరెడ్డిపల్లి, జగ్గయ్యపేట - ఇవన్నియు ఒకప్పుడు బౌద్ధ స్తూపములు వెలసిన చోట్లు. వీనిలో జగ్గయ్యపేట స్తూపము ఆంధ్రదేశమునందలి అతి ప్రాచీన స్తూపములలో ఒకటి. దాని మొదటి కట్టడము క్రీస్తుపూర్వము 2వ శతాబ్ది నాటిదని శిల్పమును బట్టి, లిపిని బట్టి పండితులు నిర్ణయించిరి. ఇంతటి పాత కట్టడము బాటకు ఇంత దగ్గరలో ఉన్నను దానిని చూడవలెనని బస్సు దిగువారు అరుదు.

దిగినవారు నిరాశపడుటయు కద్దు. అచ్చట సాంచీలో వలె తోరణములు లేవు. చెక్కిన పలకలు లేవు. అవి ఏనాడో మద్రాసు మ్యూజియమునకు తరలిపోయినవి. పాఠ్యపుస్తకములో పెరూ దేశపు మాచు పిచ్చు బొమ్మను చూచిన విద్యార్థి, ఈ దిబ్బను చూచి, "ఇందులో చూడవలసిన దేమున్నది?" అని అడుగును. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము చెప్పవలెనన్న ముందు ఆ పెరూ దేశమునకే పోయి రావలెను.

మాచు పిచ్చు సముద్రమట్టమునకు సుమారు 2,430 మీటర్ల ఎత్తున, ఆండీస్ పర్వతముల నడుమ ఉన్నది. దానిని ఇన్కా ప్రభువులు 15వ శతాబ్దిలో కట్టిరి. 1911 జులై 24న హైరం బింగ్‌హాం అను అమెరికా అధ్యాపకుడు దానిని చూచి లోకమునకు చాటెను. అచ్చటి రైతులకు మాత్రము అది ముందే తెలియును. వారే ఆయనకు దారి చూపిరి. ఇన్కాల సామ్రాజ్యము విస్తరించి వెలిగినది సుమారు నూరేండ్లు మాత్రమే. 1532లో స్పెయిన్ దేశీయుడు పిసారో వారి రాజును చెరపట్టుటతో దాని పతనము ఆరంభమైనది. కాలము విషయములో విద్యార్థులు సాధారణముగా పొరపడుదురు. మాచు పిచ్చు కట్టుటకు పూర్వమే, 14వ శతాబ్దిలో, మన కొండపల్లి కోట వెలసినది. జగ్గయ్యపేట స్తూపమన్ననో, అప్పటికే శతాబ్దుల తరబడి పాడుపడి యుండెను.

ఇన్కాల శిథిలములను గూర్చి చెప్పునపుడు అందరును రాతిగోడలనే పొగడుదురు. సున్నము లేకయే, సందున కత్తి మొన దూరనట్లు రాళ్ళను పొదిగిన ఆ పనితనము మెచ్చదగినదే. నా దృష్టిలో అంతకన్న గొప్పది వారి రహదారి. కపాక్ న్యాన్ అని దానికి పేరు. అన్ని శాఖలును కలిసి 30,000 కిలోమీటర్ల పైచిలుకు. కొలంబియా, ఈక్వడార్, పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా - నేటి ఆరు దేశములలో అది వ్యాపించి యున్నది. ఇన్కాలకు బండిచక్రము లేదు, గుఱ్ఱము లేదు. బరువులు మోయుటకు లామా అను జంతువు, మనిషి వీపు, ఇంతే. కావున ఆ దారి బండ్లకు కాక కాళ్ళకు తగినట్లు వేయబడినది. నిటారు చోట్ల మెట్లు కట్టిరి. లోయల మీద గడ్డితో పేనిన మోకుల వంతెనలు వేసిరి. అపురిమాక్ నదిపై అటువంటి వంతెన నొకదానిని ఇప్పటికిని ఊరివారు ఏటేట క్రొత్తగా అల్లుచున్నారు. దారి పొడవునను బసలు ఉండెను. వానిని తంబోలు అందురు. ఒక పరుగుబంటు వార్త తెచ్చి, తరువాతి బంటుకు అందించి, ఈ బసలో సేదతీరును.

2014లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ ఈ రహదారిని ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. కోటను, గుడిని గుర్తించుట వేరు, దారిని గుర్తించుట వేరు. దారిని గుర్తించినప్పుడు, దాని ప్రక్కన కూలిపోయి నాలుగు రాళ్ళు మాత్రమే మిగిలిన ఒక బసకు గూడ అర్థము కలుగును. అది ఎందుకు అచ్చటనే ఉన్నదో తెలియును. ముందరి బస ఎంత దూరమో, మోతగాడు ఎక్కడ అలసి యుండునో ఊహకు వచ్చును. నేడు మాచు పిచ్చునకు రైలులో పోవువారు అనేకులు. నడిచి పోవు కొందరు 40 కిలోమీటర్లకు పైబడిన పాత దారిని నాలుగు దినములలో దాటుదురు. రైలువారికి కనిపించునది ఒక వింత. నడిచినవారికి ఆ వింత ఒక ప్రయాణమునకు చివరి మజిలీగా తోచును.

ఈ విధముగానే మన బాటను చూతము.

క్రీస్తుశకము తొలి శతాబ్దిలో గ్రీకుభాషలో వ్రాయబడిన ఎర్రసముద్ర యాత్రా గ్రంథము మసాలియా అను తీరమును పేర్కొని, అచ్చట సన్నని బట్టలు విరివిగా నేయుదురని చెప్పుచున్నది. అది మన కృష్ణా ముఖద్వారపు సీమ. తూర్పుతీరపు సీమల నుండి బట్టలు మొదలగు సరుకులు తగర పట్టణమునకు చేరి, అటనుండి పడమటి తీరమందలి భరుకచ్ఛమునకు పోవునని ఆ గ్రంథమే తెలుపుచున్నది. తగరము నేటి మహారాష్ట్రములోని తేర్. 2వ శతాబ్దివాడగు టాలమీ ఇదే తీరమున కొంటకొస్సిల అను రేవును పేర్కొనెను. అది మన ఘంటసాల. తీరమున ఘంటసాల, లోపల గుడివాడ, విజయవాడ, పిమ్మట గుమ్మడిదుర్రు, అల్లూరు, జగ్గయ్యపేట, ఆ పైని ఖమ్మము జిల్లాలో నేలకొండపల్లి, సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి - ఈ బౌద్ధ స్థలములను పటము మీద చుక్కలుగా పెట్టి ఒక గీతతో కలిపి చూడుడు. ఆ గీత చాల మేరకు మచిలీపట్నము - హైదరాబాదు రహదారి వెంబడి పోవును. తరగతిలో ఒక గంటలో చేయదగిన పని ఇది. గీత పూర్తియైనప్పుడు పిల్లల ముఖములలో కనిపించు ఆశ్చర్యము ఉపాధ్యాయునకు లభించు బహుమానము.

ఈ దారి ఇటనే ఎందుకు పడినది? కృష్ణానది వెంబడి ఎగువకు పోయినచో నల్లమల కొండలు అడ్డుపడును. అచ్చట నది లోతైన ఇరుకు లోయలో పారును. బండ్లు సాగవు. నదికి ఉత్తరముగా నున్న మెట్టభూమి మెల్లగా ఎత్తు పెరుగుచు దక్కను పీఠభూమిలో కలియును. బండ్లకు, ఎడ్లకు అదే అనువు. నేటి లారీలకును అదే అనువు. నేల తీరు మారనంత కాలము బాట తీరును అంతగా మారదు.

బాటకు అడ్డు కొండలు కావు, ఏరులు. మునేరు, వైరా, కట్టలేరు, పాలేరు ఎండకాలములో మోకాటిలోతున పారును. వానకాలములో పొంగినచో మనిషిని, బండిని లెక్కచేయవు. ఇది పాత కథ యని అనుకొనరాదు. 2023 జులైలో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరము వద్ద జాతీయ రహదారిని ముంచివేసెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో మరల అదే జరిగెను. అదే వరదలో గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతినెను. విజయవాడ, హైదరాబాదుల నడుమ రాకపోకలు నిలిచి, లారీలు బారులు తీరెను.

వంతెనలు లేని కాలములో బిడారులు ఈ ఏరుల ఒడ్డున ఎన్ని దినములు వేచియుండెనో ఊహించుకొనవచ్చును. బౌద్ధ భిక్షువులకు వానకాలములో మూడు మాసములు తిరుగరాదను నియమము కలదు. దానిని వర్షావాసమందురు. వర్తకుని ఏరు ఆపును, భిక్షువును నియమము ఆపును. ఇద్దరును ఒకే చోట ఆగినప్పుడు ఒకరికి వినువారు దొరకుదురు, మరియొకరికి బస దొరకును. ఏరుల నడుమ ఈ కొద్ది మేరలో ఇన్ని బౌద్ధ స్థలములు ఏర్పడుటకు ఇదియు ఒక కారణమై యుండునని నా ఊహ. శాసనములలో ఈ మాట ఎచ్చటను లేదు. వరదనాడు ఐతవరము దగ్గర చిక్కుకొన్నవారు మాత్రము ఈ ఊహను తేలికగా త్రోసివేయరు.

ఇక జగ్గయ్యపేటకు వత్తము. ఊరి పాత పేరు బేతవోలు. 18వ శతాబ్ది చివరను జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు దీనిని విస్తరింపజేసి, తన తండ్రి జగ్గన్న పేర జగ్గయ్యపేట యని పిలిపించెను. అంతకన్న పాత పేరు మరియొకటి కలదు. అది స్తూపములోని రాళ్ళ మీద దొరకినది - వేలగిరి. స్తూపమున్న గుట్టను జనులు ధనబోడు అందురు. బోడు అనగా గుట్ట. 1882లో జేమ్స్ బర్జెస్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఇచ్చట త్రవ్వించి, స్తూపపు వ్యాసము 31½ అడుగులని కొలిచెను. చుట్టును తాపిన సున్నపురాతి పలకలలో అధికము సాదావి. కొన్నింటి మీద మాత్రము సన్నని గీతలతో చెక్కిన బొమ్మలు ఉన్నవి.

వానిలో పేరుపొందినది మాంధాత పలక. నడుమ చక్రవర్తి చేయి పైకెత్తి నిలిచి యుండును. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, మణి, రాణి, గృహపతి, మంత్రి - చక్రవర్తికి ఉండవలసిన సప్తరత్నములు. ఆయన చేయి ఎత్తగానే మబ్బులలో నుండి నాణెములు వానగా కురియుచున్నవి. ఆ నాణెములను కొంచెము నిదానించి చూడవలెను. అవి గుండ్రనివి కావు, నలుచదరపువి. ఆనాడు అంగళ్ళలో చెల్లిన ముద్రాంకిత నాణెములు పెక్కు ఆ రూపముననే ఉండెను. ఆకాశము నుండి పడు ధనమును చెక్కవలసి వచ్చినప్పుడు గూడ శిల్పి తన మొలలోని డబ్బునే చూచి చెక్కెను! వర్తకుల బాట ప్రక్కన నున్న స్తూపము మీద నాణెముల వాన ఉండుట వింత కాదు. మాంధాత కథలో మాత్రము ఆ రాజునకు ఎంత ధనము కురిసినను తృప్తి లేదు. చివరకు ఇంద్రుని సింహాసనమునే కోరి పతనమయ్యెను. ధనబోడు అను పేరు ఎప్పుడు, ఎందుకు వచ్చినను, పాత దిబ్బలలో లంకెబిందెలు ఉండునని త్రవ్వువారు మన దేశములో ఇప్పటికిని తక్కువ కాలేదు. స్తూపము కడుపులో ఉండునది ధాతువు. అనగా చిన్న భరిణెలో ఒక ఎముక తునక, కొన్ని పూసలు, కొంచెము బంగారు రేకు. దాని కొరకు గుండె చీల్చినట్లు స్తూపమును నడిమికి త్రవ్విన చోట్లు అనేకము.

ఈ స్తూపమునకు సంబంధించిన మనుష్యులలో మనకు బాగుగా తెలిసినవాడు రాజు కాదు, ఒక పనివాడు. అతని పేరు సిద్ధార్థుడు. తూర్పు వాకిట నిలిపిన అయిదు ఆయక స్తంభములు అతని దానము. ఆయక స్తంభము లనగా స్తూపమునకు నాలుగు దిక్కుల ముందుకు చొచ్చుకొనివచ్చిన అరుగుల మీద అయిదేసి చొప్పున నిలుపు కంబములు. బుద్ధుని జననము, గృహత్యాగము, సంబోధి, తొలి ఉపదేశము, నిర్వాణము - ఈ అయిదింటికి అవి గుర్తులని చెప్పుదురు. ఈ కంబములు కృష్ణాలోయ స్తూపముల ప్రత్యేకత. సిద్ధార్థుని దానశాసనము మూడు స్తంభముల మీద ఇంచుమించు ఒకే విధముగా ఉన్నది. భాష ప్రాకృతము. అందులో అతడు చెప్పుకొన్నది ఇది: తన తండ్రి నాగచంద్రుడు కమ్మకరాష్ట్రములోని నడతూరు గ్రామవాసి, ఆవేసని. అనగా శిల్పులకు మేస్త్రి. తానును ఆవేసనియే. తాను నివసించు గ్రామము మహాకాడురూరు. దానము చేసినది వేలగిరి గ్రామమందలి మహాచైత్యమునకు.

అనగా తండ్రిది ఒక ఊరు, కొడుకుది ఒక ఊరు, స్తంభములు నిలిపినది మూడవ ఊరు. కమ్మకరాష్ట్రము కృష్ణకు దక్షిణమున నున్న సీమయని పండితుల అభిప్రాయము. పని ఉన్న చోటికి పోవు మేస్త్రికి బాటయే బ్రతుకు. ఈనాడు ఇల్లు కట్టు మేస్త్రులు ఊరూరు తిరుగుట చూచినవారికి సిద్ధార్థుడు అపరిచితుడు కాడు.

అతడు తన కుటుంబమును గూడ శాసనములో చెక్కించెను. అందరికన్న ముందు తల్లి నాగిలని. పిమ్మట భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, తమ్ముడు బుధినకుడు, తమ్ముని భార్య కనిక, తమ్ముని పిల్లలు నాగసిరి, చందసిరి, సిద్ధథనిక. తమ్ముని కూతురికి పెదతండ్రి పేరే పెట్టిరి. ఇటువంటి ఇల్లు నేటికిని మన పల్లెలలో ఉన్నది. తల్లిని ముందు నిలిపి, పిల్లల పేర్లతో సహా, సర్వప్రాణుల హితము కొరకు, సుఖము కొరకు అని వ్రాయించుకొన్న ఈ కుటుంబము పదిహేడు వందల ఏండ్ల నాటిది. మూలసిరి, నాకబుధనిక ఆనాడు స్తంభములు ఎత్తునపుడు చెంత నిలిచి చూచియుండిన చూడవచ్చును.

శాసనము తేదీ గూడ చెప్పుచున్నది. ఇక్ష్వాకు రాజగు మాఠరీపుత్ర శ్రీ వీరపురుషదత్తుని పాలనలో 20వ సంవత్సరము, వర్షాకాలపు 8వ పక్షము, 10వ దినము. వీరపురుషదత్తుడు 3వ శతాబ్దివాడు, అతని రాజధాని నేటి నాగార్జునకొండ లోయలోని విజయపురి. ఆ కాలములో ఏడాదిని వేసవి, వాన, చలి యని మూడు కాలములుగా, ఒక్కొక్క కాలమును ఎనిమిది పక్షములుగా లెక్కించెడివారు. 8వ పక్షమనగా వానకాలమునకు చివరి పక్షము. వానలు వెనుకపట్టి, ఏరులు తీసి, బండ్లు కదలబోవు వేళ. ఆ వేళ ఈ స్తంభములు నిలిచినవి.

ఆ విజయపురిలోనే, అదే రాజు 14వ సంవత్సరములో బోధిశ్రీ అను ఉపాసిక వేయించిన శాసనము దొరకినది. సింహళ భిక్షువుల కొరకు ఆమె చైత్యగృహము కట్టించెను. ఆ భిక్షువులు కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి, యవన దేశము మొదలగు చోట్ల ధర్మము వ్యాపింపజేసిరని శాసనము పొగడుచున్నది. ఆమెయే కంటకసోల, అనగా మన ఘంటసాల, మహాచైత్యము తూర్పు వాకిట రాతి మండపము కట్టించెను. కొండల నడుమ రాజధానిలో ఉన్న ఒక స్త్రీ సముద్రతీరపు రేవులో మండపము కట్టించినది. నడుమ దారి లేనిదే ఇది సాధ్యము కాదు. ఆ విజయపురి లోయ ఇప్పుడు నీటిలో ఉన్నది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు సాగించి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికి చేర్చి తిరిగి నిర్మించిరి.

జగ్గయ్యపేట స్తూపము అంతటితో ముగియలేదు. సుమారు 6వ శతాబ్దిలో చంద్రప్రభు డనువాడు ఇచ్చట ఒక బుద్ధ ప్రతిమను నెలకొల్పెను. అతడు జయప్రభాచార్యుని శిష్యుడు, ఆయన భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు. అనగా ఈ స్థలము ఏడెనిమిది వందల సంవత్సరములు జనులు వచ్చి పోవుచుండిన స్థలము. ఇన్కాల సామ్రాజ్యము నిలిచిన కాలమునకు ఇది ఎన్ని రెట్లో విద్యార్థులే లెక్కింపగలరు.

7వ శతాబ్దిలో, 640 ప్రాంతమున, చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటక దేశమునకు వచ్చెను. విహారములు పెక్కు ఉన్నవనియు, అధికము పాడుపడినవనియు, నిలిచిన వానిలో ఇరువది చోట్ల వేయిమంది వరకు భిక్షువులు ఉన్నారనియు వ్రాసెను. ఆయన గూడ శిథిలములను చూచిన బాటసారియే. చూచి నిట్టూర్చి పోలేదు. కొన్ని నెలలు ఆగి, అచ్చటి భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మ గ్రంథములు చదువుకొని పోయెను. శిథిలముల చెంత యాత్రికుడు ఏమి చేయవలెనో ఆయనకు ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

ఇంతటి స్థలములో నేడు చూచుటకు ఇంత తక్కువ ఎందుకు మిగిలినది? ఇందుకు కారణము రాతిలోనే ఉన్నది.

మాచు పిచ్చు రాయి తెల్లని గ్రానైటు. దానిని దొంగిలింపవచ్చును గాని కాల్చి ఉపయోగింపలేరు. కూస్కో నగరము మీది సక్సైవామన్ కోట రాళ్ళను స్పెయినువారు దొర్లించుకొనిపోయి చర్చీలు, ఇండ్లు కట్టుకొనిరి. మోయలేని పెద్ద రాళ్ళు అచ్చటనే ఉన్నవి. మన స్తూపముల రాయి పల్నాటి సున్నపురాయి. కోట్లాది సంవత్సరముల క్రిందట సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నది. పాత ఇంగ్లీషు గ్రంథములు దీనిని పాలరాయి అనినవి గాని, శాస్త్రరీత్యా అది పొరపాటు. భూగర్భములో మిక్కిలి వేడికి, ఒత్తిడికి లోనై రూపు మారిన సున్నపురాయి పాలరాయి. ఇది అట్లు మారలేదు. లేత ఆకుపచ్చ చాయగల ఈ మెత్తని రాయి ఉలికి లొంగును, సన్నని నగిషీని నిలుపుకొనును. అందువలననే అమరావతి శిల్పము అంత నాజూకుగా వచ్చినది. అందువలననే అది నశించినది.

సున్నపురాయిలో ముఖ్యమైనది కాల్సియం కార్బనేటు. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. శుద్ధమైన రాయి 100 కిలోలు కాల్చిన 56 కిలోల సున్నము వచ్చును, 44 కిలోలు గాలిలో కలియును. శిల్పము గల రాయియైనను, లేని రాయియైనను బట్టీకి ఒక్కటే. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూచినప్పటికే, పైన చెప్పిన వేంకటాద్రి నాయుడు తన క్రొత్త పట్టణము కొరకు ఇటుకలు, రాళ్ళు తీయించుచుండెను. 1816లో మెకంజీ మరల వచ్చునప్పటికి అనేక పలకలు మాయమైనవి. ఆయన మిగిలిన వానికి బొమ్మలు వ్రాయించెను. ఇటుకలు ఇండ్లలోను, చెరువు గట్లలోను చేరినవి. పలకలు కొన్ని సున్నమై గోడలకు పూతగా మారినవి. వేంకటాద్రి నాయుని ఒక్కనినే నిందించుట న్యాయము కాదు. ఆయన కాలములో ఆ దిబ్బ ఏమిటో ఎరిగినవారు లేరు. తెలిసిన తరువాత గూడ పోయినవి చాల కలవు. 1845లో వాల్టర్ ఇలియట్ తీయించిన అమరావతి శిల్పములు మొదట మద్రాసు చేరి, పిదప వానిలో అధిక భాగము ఓడనెక్కి లండను చేరినవి. నేడు అవి బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. జగ్గయ్యపేట శిల్పములు చెన్నై ఎగ్మూరు మ్యూజియములో ఉన్నవి. అచ్చటికి పోయినందున బట్టీ పాలు గాక బ్రతికినవని గూడ ఒప్పుకొనవలెను. మాచు పిచ్చు నుండి బింగ్‌హాం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు తీసికొనిపోయిన వస్తువులు నూరేండ్ల పిమ్మట, 2011, 2012 సంవత్సరములలో, పెరూ చేరినవి.

జగ్గయ్యపేట చుట్టుప్రక్కల సున్నపురాయి ఇప్పటికిని సమృద్ధిగా ఉన్నది. జయంతిపురము మొదలగు చోట్ల సిమెంటు కర్మాగారములు పనిచేయుచున్నవి. సున్నపురాతిని మట్టితో కలిపి నూరి, సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయుదురు. మన ఇండ్లు, వంతెనలు, ఈ జాతీయ రహదారియు దానితోనే నిలిచినవి. సిమెంటు కావలెను, అందు సందేహము లేదు. పేరుకెక్కని పాత దిబ్బలు ఈ మెట్టభూములలో ఇంక ఎన్నియో కలవు. పొలము చదును చేయువాడు, మట్టి తోలువాడు యంత్రముతో ఒక పూటలో తీసివేయగలిగినది, పూర్వము బట్టీలవారికి ఏండ్లు పట్టెడిది. గుండ్రని దిబ్బ, పెద్ద ఇటుక, పచ్చని రాతి పెచ్చు - ఇవి కనిపించినప్పుడు ఇది ఏమై యుండునో గుర్తింపగలవాడు ఊరిలో ఒక్కడున్నను ఆ యంత్రము ఆగవచ్చును. అట్టివానిని తయారు చేయగల చోటు ఊరి హైస్కూలే.

రెడ్డిగూడెము వంటి ఊరినుండి పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయునకు ఒక్క దినము చాలును. ఉదయమే బయలుదేరి మైలవరము, కొండపల్లి, ఇబ్రహీంపట్నము మీదుగా పెద్ద బాటకు చేరవలెను. కొండపల్లి కోటను ఆ దినము చూడబూనిన మరి దేనికిని వేళ చాలదు, దానిని మరియొక నాటికి ఉంచుకొనుట మేలు. కీసర వంతెన మీద పిల్లలను మేల్కొలిపి, క్రింద మునేరును చూపవలెను. ఐతవరము దగ్గర నీరు ఎంతవరకు వచ్చినదో ఊరివారిని అడిగినచో చెప్పుదురు. జగ్గయ్యపేట చేరిన పిమ్మట, గుట్ట మీద చేయుటకు రెండు పనులున్నవి. మొదటిది, పొడవైన త్రాడు ఒకటి వెంట తీసికొనిపోయి ఉండవలెను. వ్యాసము 31½ అడుగులని బర్జెస్ కొలత. దానిని 22తో హెచ్చించి 7తో భాగించిన సరిగా 99 అడుగులు వచ్చును. ఆ పొడవు త్రాడుతో పిల్లలే వలయముగా నిలిచి చూచినచో ఆనాటి స్తూపపు కైవారము కంటికి కట్టును. దాని చుట్టును ప్రదక్షిణముగా నడచి అడుగులు లెక్కింపవచ్చును. రెండవది ఇటుకల సంగతి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఇటుకలు సుమారు 50 సెంటిమీటర్ల పొడవు ఉండెను. నేటి ఇటుక అందులో సగము కూడ ఉండదు. ఒక నేటి ఇటుకను సంచిలో వెంట ఉంచుకొన్నచో పోల్చి చూపుట సులభము. పాత ఇటుకను మాత్రము ఉన్న చోటనే ఉంచి కొలువవలెను. జ్ఞాపకార్థము ఒక పెచ్చును జేబులో వేసికొనుటయు దోపిడీయే, చిన్నదియైనను.

పిదప తూర్పు దిక్కునకు పోయి నిలువవలెను. అయిదు స్తంభములు ఉండిన చోటు అదే. స్తంభములు లేవు గనుక పేర్లను ఒక కాగితము మీద వ్రాసికొని పోవుట అవసరము. తల్లి నాగిలనితో మొదలుపెట్టి వరుసగా ఒక విద్యార్థిచేత చదివించిన చాలును. వేళ మిగిలినచో అటనుండి క్రిందికి దిగి, చిల్లకల్లు కూడలి దగ్గర పెద్ద బాట చేరి, సాయంకాలపు బస్సు అందుకొనవచ్చును.